రెండు వందల గజాల జాగ: ఇల్లు, గుంత, చెట్టు

కరీంనగర్ చుట్టూ ఏ వెంచర్‌లోకి పోయినా ముందుగా చూపించే ప్లాటు ముప్ఫై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. సరిగ్గా 200 గజాలు. మధ్యతరగతి మనిషి అప్పుకు అందే కొలత అది. ఆ జాగలో ఇల్లు లేస్తుంది, ఒక మూల బోరు పడుతుంది, ఇంకో మూల సెప్టిక్ ట్యాంకు దిగుతుంది, ప్రహరీ వెంట మిగిలిన రెండడుగుల మట్టిలో కరివేపాకు, మందారం, ఓ బొప్పాయి చేరతాయి. ఇల్లు తన కింద తడి మారొద్దంటుంది. సెప్టిక్ ట్యాంకు నీళ్లు తొందరగా ఇంకిపోవాలంటుంది. చెట్టు తడి నిలవాలంటుంది. మూడింటికీ జవాబు చెప్పాల్సింది ఒకే మట్టి.

గోడల పగుళ్ల గురించి సివిల్ ఇంజనీర్లు చాలా రాశారు. మరుగుదొడ్ల గుంతలకు ప్రజారోగ్య ఇంజనీర్ల దగ్గర కొలతల పట్టికలున్నాయి. జింకు లోపం, చౌడు, నేల సారం సంగతి వ్యవసాయ శాస్త్రవేత్తలకు కంఠతా వచ్చు. ఒకరి కాగితం ఇంకొకరు చదవరు, అక్కడే చిక్కు. ఉత్తర తెలంగాణ నేల మీద ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే తగువంతా నీటిదేనని, పడకగది గోడ చీలికకు కారణం చాలాసార్లు పెరట్లోనే ఉంటుందని తెలుస్తుంది.

ముందు నేల సంగతి. గోదావరికి దక్షిణాన పాత కరీంనగర్ జిల్లా చాలావరకు గ్రానైటు పీఠం. ఎల్గందల్ కోట కూర్చున్న గుట్ట, కాకినాడ రేవు మీదుగా చైనాకు పోయే ‘టాన్ బ్రౌన్’ బండలు ఆ రాతివే. వయసు రెండు వందల కోట్ల ఏళ్ల పైమాట. ఆ రాయి చివికి మొరం అవుతుంది, మొరం ఇంకా చివికితే ఎర్రచల్క. నదికి ఉత్తరాన, పాత ఆదిలాబాద్ జిల్లా పడమటి వైపు, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కింద పారిన దక్కను లావా పరుచుకొని ఉంది. అది చివికితే వచ్చేది నల్లరేగడి. ఈ రెంటి నడుమ రామగుండం నుంచి మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్ దాకా ఇసుకరాయి, దాని పొరల్లో బొగ్గు. ఆదిలాబాద్ పట్నం దగ్గర పెన్‌గంగ సున్నపురాయి.

పుస్తకంలో గీత ఇంత స్పష్టంగా ఉన్నా ఊళ్లో ఉండదు. గ్రానైటు దేశంలో కూడా మిట్ట మీద చల్క, వాలులో దుబ్బ, చెరువు కింద రేగడి, కాలువ జాలు పట్టిన చోట చౌడు. ఒకే సర్వే నంబరులో తూర్పు ప్లాటుకు నాలుగడుగుల్లో మొరం తగిలి, పడమటి ప్లాటుకు ఎనిమిదడుగులు తవ్వినా నల్లమట్టే వచ్చిన చోట్లున్నాయి. లేఅవుట్ వేసేవాళ్లు పైన రెండడుగుల ఎర్రమట్టి పోసి చదును చేస్తారు. కొనేవాడు చూసేది ఆ ఎర్రమట్టినే.

రేగడితో పేచీ దాని లోపలి ఖనిజంలో ఉంది. మాంట్‌మోరిలొనైట్ అనే ఆ బంక ఖనిజం సన్నని పొరలు పొరలుగా ఉంటుంది. తడి తగిలితే పొరల మధ్యకు నీరు దూరి మట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంగుతుంది. ఆదిలాబాద్‌లో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన, దాదాపు అంతా నాలుగు నెలల్లోనే. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు పోతుంది. ఇంత తడికీ ఇంత ఎండకూ మధ్య ఊగే చోట రేగడి నెర్రెలు చేయి దూరేంత వెడల్పున, మీటరు లోతుకు దిగడం మామూలే. మట్టిలో తడి మారే పొర మూడు, మూడున్నర మీటర్ల దాకా ఉంటుందని లెక్క. మన మామూలు పునాది అందులో సగం లోతుకు కూడా పోదు. ఇంటి నడిమి మట్టి పైకప్పు నీడలో తడిగానే ఉండి, అంచుల్లో మట్టి ఎండకు ఆరుతుంది. అంచు కుంగుతుంది, నడుమ నిలుస్తుంది, కిటికీ మూల నుంచి గోడ ఏటవాలుగా చీలుతుంది. ఎండాకాలంలో విచ్చుకొని శ్రావణంలో మూసుకునే పగులైతే అది మట్టి పనే. సిమెంటు తక్కువైందని మేస్త్రీని నిలదీయబోయే ముందు ఒక ఏడాది పాటు ఆ పగులు వెడల్పు పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ పోవడం మేలు.

ఆదిలాబాద్ గోండుగూడేల్లో పాత ఇళ్లకు ఈ జబ్బు లేదు. కర్ర గుంజలు, వెదురు తడక, దాని మీద మట్టీ పేడా కలిపిన పూత, పైన గూనపెంకులు. నేల కదిలితే తడక కూడా కొద్దిగా కదులుతుంది, పూత రాలిన చోట మళ్లీ పూస్తారు. నేలల తేడాను సాగులోనూ వాళ్లు వాడుకున్నారు. 1940లలో ఆ గూడేల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, తేలిక నేలల్లో వానాకాలం పంట, బరువైన నల్లనేలల్లో చలికాలం పంట వేసే వాళ్ల పద్ధతిని రాసిపెట్టాడు. ఇప్పుడు అదే రేగడి మీద ఇటుకా స్లాబూ లేస్తున్నాయి. వద్దనడానికి మనమెవరం? పక్కా ఇల్లు అడిగే హక్కు అందరికీ ఉంది. అయితే ఇటుక గోడకు వంగే గుణం లేదు కాబట్టి ఆ బాధ్యత పునాది మోయాలి.

దీనికి మందు మన దగ్గరే ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ‘అండర్‌రీమ్డ్’ పైల్‌ను మన దేశంలో వాడుకలోకి తెచ్చింది: ఆగర్‌తో మూడున్నర మీటర్ల రంధ్రం తవ్వి, అడుగున కాండానికి రెండున్నర రెట్లు వెడల్పున బుగ్గ చేసి కాంక్రీటు నింపుతారు. పైమట్టి ఉబ్బినా కుంగినా అడుగున కదలని మట్టిలో బుగ్గ పట్టుకొని ఉంటుంది. పైల్స్ మీద వేసే బీము కింద ఎనిమిది సెంటీమీటర్ల ఖాళీ వదలమని ప్రమాణం చెబుతుంది. మట్టి ఉబ్బడానికి చోటుండాలి కదా. ఈ ఖాళీని మేస్త్రీలు ‘గాలి పోతుంది’ అని మట్టితో కూరేయడం, డబ్బు పెట్టి కొన్న మందును మోరిలో పోసినట్టే. రెండో దారి ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి చూపించింది: ఉబ్బని, కానీ కొద్దిగా బంకగుణం ఉన్న మట్టిని మీటరు మందాన దట్టించి రేగడిని అణచడం. కాలువల లైనింగుకు ఇది ప్రమాణంగా మారింది. మన దగ్గర దొరికే మంచి మొరం చాలావరకు ఆ కోవలోదే.

ఎక్కువమంది చేసేది మాత్రం వేరు. రేగడి తవ్వి ఆ కందకంలో మానేరు ఇసుక నింపుతారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కానీ చుట్టూ నీరు దాటనివ్వని బంకమట్టి, మధ్యలో నీళ్లు తాగే ఇసుక. వాన నీళ్లన్నీ ఆ కందకంలోనే చేరి, సరిగ్గా పునాది కిందే రేగడిని నానబెడతాయి.

ఇసుక చెడ్డదని కాదు. కాకతీయుల కట్టడాల కింద ఉన్నదీ ఇసుకే. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని ఇరవై ఏళ్ల కింద రాయి రాయి విప్పి, పునాదిలోని ఇసుకను తీసి మళ్లీ నింపి కట్టారు. 2024 మార్చి 8న అది తిరిగి తెరుచుకుంది. వరంగల్ ఎన్ఐటీ ఆచార్యుడు ఎం. పాండురంగారావు ఏళ్ల తరబడి వివరించిన ‘శాండ్‌బాక్స్’ పద్ధతి అదే. 1213 నాటి రామప్ప గుడిదీ అదే పునాది. నాలుగు దిక్కులా బిగించిన ఇసుక ఎటూ జారలేదు కాబట్టి బరువును సమంగా పంచుతుంది. ఆ బిగింపు పోయి, కింద నీటి వాలు ఏర్పడిందంటే అదే ఇసుక కొట్టుకుపోతుంది. పాత కరీంనగర్ జిల్లాలోనే, మహదేవ్‌పూర్ దగ్గర, 85 గేట్ల మేడిగడ్డ బరాజ్ 2019 జూన్ 21న ప్రారంభమై, 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో కుంగింది. పునాది కింద ఇసుక కొట్టుకుపోవడాన్ని, దానికి దారితీసిన ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ లోపాలను జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు ఎత్తిచూపారు. రాజకీయం ఎటుపోయినా, మట్టి కింద నీటిదారి తెలియకుండా బరువు పెట్టకూడదనే మాట బరాజుకూ బాత్రూముకూ ఒకటే.

ఎర్రచల్క మీద ఇల్లు కట్టడంలో పెద్ద కథ లేదు. నాలుగైదు అడుగుల్లో గట్టి మొరం తగిలితే చాలు. సగం ఇల్లు బండ మీద, సగం పోసిన మట్టి మీద పడకుండా చూసుకోవాలి. చెరువు శిఖం భూమి పక్క ప్లాట్లను, పాటిమన్ను దిబ్బలను, పూడ్చిన పాత బావులను అనుమానించాలి. గోదావరిఖని, బెల్లంపల్లి వైపు అయితే పగులుకు కారణం మట్టిలోనే ఉండాలని లేదు. అడుగున బొగ్గు తీసిన ఖాళీ కుంగినా, ఓపెన్‌కాస్ట్ పేలుడు అదిరినా గోడ చీలుతుంది. అక్కడ రేగడి వైద్యం పనిచేయదు.

ఇక అసలు చిక్కుముడి. సెప్టిక్ ట్యాంకు మలాన్ని మాయం చేయదు, అడుగున మడ్డి నిలిపి పైనీటిని బయటికి పంపుతుంది. ఆ నీటిని శుభ్రం చేసేది, తాగేది నేల. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఇంకుడు గుంత ఇంటికి కనీసం 6 మీటర్లు, తాగునీటి బావికో బోరుకో 18 మీటర్ల దూరంలో ఉండాలి. పద్దెనిమిది మీటర్లంటే అరవై అడుగులు. అంటే మన ప్లాటు మొత్తం పొడవు! ఈ నియమం పాటించాలంటే బోరు ఒక కొసన, గుంత మరో కొసన పెట్టి, ఇల్లు కట్టడం మానుకోవాలి.

దీనికి వాస్తు తోడైంది. బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో అని సిద్ధాంతి గీస్తాడు. ముప్ఫై అడుగుల వెడల్పు ప్లాటులో ఈ రెంటి మధ్య దూరం ముప్ఫై అడుగులు దాటదు. అంతకంటే తమాషా ఏమిటంటే, మన వాయవ్యం పక్కవాడి ఈశాన్యానికి ఆనుకొని ఉంటుంది. తూర్పు పడమరలుగా వరసలో ఉన్న పది ప్లాట్లలో తొమ్మిదింటి గుంతలు పడమటి పొరుగువారి బోరు పక్కనే పడతాయి. ఎవరి శాస్త్రం వాళ్లు తప్పకుండా పాటించారు, వీధి మొత్తం నీళ్లు ఒకరివి ఒకరు తాగుతున్నారు.

చల్కలో ఈ ప్రమాదం ఎక్కువ. గుంత ఎప్పుడూ నిండదు, ఇల్లుగలాయన సంతోషంగా ఉంటాడు. మొరం కింద గ్రానైటు పగుళ్లు మొదలైతే మురుగు నీరు ఆ పగుళ్ల వెంట వడపోత లేకుండా పోతుంది. సూక్ష్మజీవులను రెండు మీటర్ల మంచి మట్టి చాలావరకు ఆపగలదు, నైట్రేటును ఏ మట్టీ ఆపలేదు. మరగబెట్టినా పోదు. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. బోరు కేసింగు పైపును గట్టి రాతిదాకా దించి చుట్టూ సిమెంటుతో మూసేయడం చవకైన జాగ్రత్త. కేసింగు అడుగులు తగ్గించి బిల్లు తగ్గించుకునే బేరం చాలా ఖరీదైనది.

రేగడిలో దీనికి తలకిందులు. చుక్క ఇంకదు. ఇంకుడు గుంతల మరుగుదొడ్లకు మన దేశంలో వాడే పట్టికలో ఇసుక నేల చదరపు మీటరుకు రోజుకు 50 లీటర్లు, బిగువైన బంకమట్టి 10 లీటర్లు తాగుతుందని లెక్క. ఉబ్బే బంకమట్టిని ఆ పట్టిక నుంచే తీసేశారు. అంటే రేగడికి అంకెలేదు. అయినా స్వచ్ఛ భారత్ కింద ఊరూరా ఇంటికి 12,000 రూపాయల లెక్కన కట్టిన మరుగుదొడ్లకు నమూనా మారలేదు, మట్టి మారింది. రేగడిలో గుంత తవ్వాల్సి వస్తే వెడల్పుగా తవ్వి, రింగుల చుట్టూ అడుగు మందాన ఇటుక ముక్కలు నింపమని మార్గదర్శకాలున్నాయి. ఆ అదనపు తవ్వకం కూలి ఏ అంచనాలో ఉంది?

మోసం చేసేది ఎండాకాలపు తవ్వకం. గుంతలు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో తీస్తారు. అప్పుడు రేగడి నెర్రెలు విచ్చుకొని ఉంటాయి, పది బిందెలు పోసినా గుటుక్కున మింగుతాయి. ‘మంచిగ ఇంకుతాంది’ అని మేస్త్రీ మూత వేస్తాడు. రెండు వానలకు నెర్రెలు మూసుకుంటాయి, శ్రావణంలో గుంత పొంగుతుంది. అందుకే ప్రమాణం గోతిని ముందు రాత్రంతా నానబెట్టి, తెల్లారి మళ్లీ నీరు పోసి, అంగుళం నీరు దిగడానికి ఎంతసేపు పడుతుందో కొలవమంటుంది. గంట దాటితే ఇంకుడు గుంత పనికిరాదు, వేరే దారి వెతకాలి. రేగడికి ఒక రాత్రి నానబెట్టడం కూడా చాలదని నా అనుమానం. రెండు మూడు రోజులు నానితే గానీ అది తన నిజస్వభావం చూపించదు.

ఇప్పుడు పడకగది గోడ దగ్గరికి వద్దాం. పొంగిన గుంత నీళ్లు ఎటు పోతాయి? ఇంకవు కాబట్టి పునాది పక్క వదులు మట్టిలోకి జారతాయి. వాయవ్య మూల రేగడి నానుతుంది, మిగతా మూడు మూలలు పొడిగానే ఉంటాయి. ఒక మూల లేచిన ఇల్లు నిలువునా చీలుతుంది. 6 మీటర్ల నియమం ఇంటి పునాదిని కాపాడటానికి కూడా పెట్టిందే. బాత్రూము పైపు అతుకు కారినా ఇంతే. గోడకు ఆనించి కుండీలు పెట్టి రోజూ గొట్టంతో నీళ్లు పట్టినా ఇంతే. చెట్టు దీనికి ఉల్టా: వేప, రావి, యూకలిప్టస్ లాంటివి పునాది పక్కన నాటితే ఎండాకాలంలో ఆ వైపు తడినంతా పీల్చి మూలను కుంగదీస్తాయి. రేగడిలో పెద్ద చెట్టును అది పెరిగేంత ఎత్తుకు తగ్గ దూరంలో నాటాలి, ఇంటి చుట్టూ నీరు దిగని చప్టా వేసి వాలు బయటికి పెట్టాలి. తోటంతా ఆ చప్టా అవతల.

పెరటి తోట విషయంలో మాత్రం రేగడిని తిట్టడానికి నాకు మనసొప్పదు. జైనథ్, బేల మండలాల పత్తి, కంది దాని దయే. తడిని నెలల తరబడి దాచుకుంటుంది, పోషకాలను పట్టి ఉంచుతుంది. కానీ నీరు నిలిస్తే బొప్పాయి, మునగ వారంలో కుళ్లుతాయి. అడుగు, అడుగున్నర ఎత్తు మడులు కట్టి వాటి మీద పెట్టడమే దారి. మందారం, మల్లె ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాది పసుపు పచ్చగా మారితే నేలలో సున్నం ఎక్కువై ఇనుము అందడం లేదని అర్థం. జగిత్యాల, మెట్‌పల్లి పసుపు రైతులకు ఈ లక్షణం బాగా పరిచయమే. అన్నభేదిని నేలలో వేస్తే ఆ సున్నంలో చిక్కుకుంటుంది, నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొడితే పనిచేస్తుంది. రేగడిని వదులు చేద్దామని నాలుగు తట్టల ఇసుక కలిపేవాళ్లున్నారు. తక్కువ ఇసుక కలిస్తే అది ఇంకా బిగుసుకుంటుంది. పశువుల ఎరువు, ఎండాకు, జీలుగ మొక్కలు వదులు చేస్తాయి, ఏళ్లు పడుతుంది.

చల్కది వేరే బాధ. పోసిన నీరూ, వేసిన యూరియా రెండూ జారిపోతాయి. దానికి పాత మందు చెరువు పూడిక. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ట్రాక్టర్ల కొద్దీ నల్లమట్టి చల్క చేన్లకు చేరింది. ఇల్లు కట్టేవాడు భయపడే బంకగుణాన్నే చేను ఏరికోరి తెచ్చుకుంది. పెరటికి కూడా రెండు ట్రాక్టర్లు చాలు, ఇంటి వైపు మాత్రం కాదు, ప్రహరీ వైపు. సీతాఫలం, జామకు ఆ అవసరమూ అంతగా లేదు. శ్రీరాంసాగర్ కాలువల కింద జాలు పట్టి చౌడైన చోట ముందు నీరు పోయే దారి తీయాలి, జిప్సం తర్వాత. దారి లేకుండా జిప్సం వేయడం దండగ. ఏదీ వీలుకాకపోతే కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ప్రచారం చేసిన మిద్దెతోట ఉండనే ఉంది. కింది మట్టితో పేచీ లేకుండా పైన మనకు కావలసిన మట్టి పోసుకోవచ్చు. స్లాబుకు నీటి చెమ్మ దిగకుండా చూసుకుంటే చాలు.

ఇన్ని తేడాలున్న నేల మీద మన పథకాల అంచనాలు ఒకటే. ఇందిరమ్మ ఇంటికి ఐదు లక్షలు, బేస్‌మెంటు అయితే లక్ష. చల్కలో ఆ లక్షకు బేస్‌మెంటు తేలొచ్చు. రేగడిలో పైల్సో మొరమో వేయాలంటే అదే లక్ష చాలదు, కాబట్టి లబ్ధిదారు లోతు తగ్గిస్తాడు. నేలను బట్టి బేస్‌మెంటు వాటా మారాలన్నది నా అభిప్రాయం. దీనికి కొత్త సర్వే కూడా అక్కర్లేదు. మట్టి జల్లించి, కొలత గీతలున్న గాజు గొట్టాల్లో పది గ్రాములు నీళ్లలో, ఇంకో పది గ్రాములు కిరోసిన్‌లో వేసి ఒక రోజు వదిలేయాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలో అది కిరోసిన్‌లోకంటే సగానికి మించి ఎక్కువ ఉబ్బిందంటే జాగ్రత్త పడాల్సిన నేల. ఊరి బడి ప్రయోగశాలలో అయ్యే పని ఇది.

గుంతల సంగతి ఇంటింటికీ తేలేది కాదు. రెండు వందల గజాల్లో అరవై అడుగుల దూరం ఎవరూ సృష్టించలేరు. రేగడి కాలనీల్లో ఇంకుడు గుంతలు మానేసి, అడుగు కూడా మూసిన ట్యాంకులు కట్టి, పైనీటిని సన్న పైపుల్లో ఒకచోటికి తెచ్చి, కంకర మడుల్లో మెట్టతామర, రెల్లు పెంచి శుద్ధి చేయడం సాధ్యమైన దారి. మడ్డిని రెండు మూడేళ్లకోసారి బండి తీసుకుపోవాలి. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం తర్వాత రక్షణ లేకుండా మనిషిని అందులోకి దించడం నేరం. ఆ బండి దాన్ని ఎక్కడో వాగులో పోయకుండా శుద్ధి కేంద్రానికి చేర్చే పూచీ మున్సిపాలిటీదో పంచాయతీదో కావాలి. మడులకు జాగ కూడా కొత్తగా కొననక్కర్లేదు. ప్రతి లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలాలని నిబంధన ఉంది. అందులో పల్లంగా ఉన్న మూలను ముందే గుర్తించి పెట్టాలి. ఆ మూలను ఇప్పటికే ఎవరైనా ప్లాటుగా అమ్మేసి ఉంటే, రిజిస్ట్రేషన్ రద్దు కోసం తిరగాల్సింది కాలనీ సంఘమే.